అరిగిన గేమ్ డిస్క్‌కి కాపీ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ. అమెరికాలో ఉండే మా బావగారు తాను ఆడుకున్న సెగా డ్రీమ్‌కాస్ట్ గేమ్ కన్సోల్‌ను, ‘మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 2’ ఒరిజినల్ డిస్క్‌తో సహా నాకు ఇచ్చేశారు. డిస్క్ మీద గీతలు పడి, ఆట మధ్యలో ఆగిపోతోంది. అదే గేమ్ ఫైల్ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతోంది. దాన్ని డౌన్‌లోడ్ చేసి సీడీలో రాసుకుని ఆడితే నేరమా? పాత గేమ్‌లకు కాపీరైట్ ఉండదని ఫ్రెండ్స్ అంటున్నారు. మా వీధిలో కేఫ్‌లో మనిషికి 200 రూపాయలు తీసుకుని పోటీ పెట్టాలని కూడా ఉంది.

జవాబు: ముందుగా మీ ఫ్రెండ్స్ మాట సరికాదు. కంపెనీ అమ్మడం ఆపేసినంత మాత్రాన కాపీరైట్ పోదు. ఈ గేమ్ 2000లో వచ్చింది. మన చట్టంలోని 60 ఏళ్ల కాపీరైట్ గడువు లెక్క వేసినా 2060 దాకా హక్కు ఉంటుంది. విదేశీ గేమ్ కదా అనుకోవద్దు. కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాల రచనలకు మన దగ్గరా రక్షణ ఉంది. పైగా ఇక్కడ హక్కుదారులు ఇద్దరు: గేమ్ చేసింది క్యాప్‌కామ్ కంపెనీ; అందులోని స్పైడర్‌మ్యాన్, వుల్వరిన్ లాంటి పాత్రలు మార్వెల్‌వి. ఆ రెండు కంపెనీల మధ్య లైసెన్స్ అయిపోవడం వల్లే 2013 చివర్లో ఇది డిజిటల్ స్టోర్ల నుంచి పోయింది. కొనడానికి దొరకలేదంటే దానికి యజమాని లేడని కాదు.

ఇక మీ అసలు సందేహం. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(ఎఎ) మీకు ఒక హక్కు ఇస్తోంది. కంప్యూటర్ ప్రోగ్రామ్ కాపీ న్యాయంగా ఎవరి దగ్గర ఉందో వాళ్లు, అది పోతుందనో పాడవుతుందనో జాగ్రత్త కోసం బ్యాకప్ తీసుకోవచ్చు. డిస్క్ మీ బావగారు ఇచ్చింది కాబట్టి మీది న్యాయమైన స్వాధీనమే. అయితే ఆ సెక్షన్‌లో ఒక చిన్న షరతు ఉంది: కాపీ ‘ఆ ప్రతి నుంచే’ తీయాలి. మీ చేతిలోని డిస్క్ నుంచి తీస్తే బ్యాకప్. ఎవరో ఎక్కించిన ఫైల్ దించుకుంటే, అందులో ఉన్నది అక్షరం తేడా లేని అదే గేమ్ అయినా, ఆ సెక్షన్ మీకు అండగా నిలవదు.

ఇది అన్యాయంగా అనిపిస్తుందని తెలుసు. డ్రీమ్‌కాస్ట్ డిస్క్ మామూలు సీడీ కాదు, దాదాపు 1 జీబీ పట్టే జీడీ-రామ్. మన కంప్యూటర్ డ్రైవ్ దాన్ని పూర్తిగా చదవలేదు. అందుకే చాలామంది డౌన్‌లోడ్ వైపు వెళ్తారు. కానీ ఆ కన్సోల్ ద్వారానే డిస్క్‌ను ఎస్‌డీ కార్డులోకి తీసే అడాప్టర్లు ఉన్నాయి. కాపీ రక్షణను దాటడం గురించి చెప్పే సెక్షన్ 65ఎ కూడా హక్కును ఉల్లంఘించే ఉద్దేశంతో చేస్తేనే శిక్ష అంటుంది. గీతలు పెరగకముందే ఈ దారి ప్రయత్నించండి. ఒక్క జాగ్రత్త: గేమ్‌లో ప్రోగ్రామే కాదు, సంగీతం, బొమ్మలూ ఉంటాయి. ఈ మినహాయింపు ప్రోగ్రామ్ గురించి మాత్రమే మాట్లాడుతుంది. కాబట్టి బ్యాకప్‌ను ఇంటి గడప దాటించకండి. ఎప్పుడైనా డిస్క్ అమ్మేస్తే బ్యాకప్ కూడా చెరిపేయండి.

‘నా సొంతానికే కదా’ అనే వాదన ఇక్కడ పనికిరాదు. సొంత వాడకానికి మినహాయింపు ఇచ్చే సెక్షన్ 52(1)(ఎ)లోనే ‘కంప్యూటర్ ప్రోగ్రామ్ కానిది’ అని స్పష్టంగా రాసి ఉంది. దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే సెక్షన్ 63బి కింద 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. లాభం కోసం కాకపోతే, తగిన కారణాలు చూపి కోర్టు జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో వదిలేయవచ్చు. ఇంట్లో ఆడుకునేవారి కోసం పోలీసులు తలుపు తడతారని మిమ్మల్ని టెన్షన్ పెట్టను. కానీ కేఫ్ సంగతి వేరు.

డబ్బు తీసుకుని పోటీ పెడితే అది వ్యాపారం. బ్యాకప్ మినహాయింపు అక్కడ వర్తించదు. సెక్షన్ 63 కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు ఉంది. అది పోలీసులు వారంట్ లేకుండా అరెస్టు చేయగల, బెయిల్ హక్కుగా రాని నేరమని 2022లో నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒరిజినల్ డిస్క్ పెట్టినా బహిరంగ ప్రదర్శనకు హక్కుదారుల రాతపూర్వక అనుమతి కావాలి. ఫ్లెక్సీ మీద వుల్వరిన్ బొమ్మ వేస్తే మార్వెల్‌తో మరో చిక్కు. ఎంట్రీ ఫీజు పోగుచేసి ప్రైజ్ ఇవ్వడం గేమింగ్ చట్టం పరిధిలోకి రావచ్చు. 2020లో ఆంధ్రప్రదేశ్ ఆ చట్టాన్ని బిగించింది కూడా. ప్లాన్ మొత్తం కాగితం మీద పెట్టి, ఒక లాయర్‌కి చూపించే దాకా ఎవరి దగ్గరా డబ్బు తీసుకోకండి.

మీకు ఒక మంచి మాట కూడా ఉంది. 2024 సెప్టెంబరులో క్యాప్‌కామ్ ఈ గేమ్‌ను మరో ఆరింటితో కలిపి స్విచ్, పీఎస్4 కన్సోళ్లకు, పీసీలకు మళ్లీ విడుదల చేసింది. 56 మంది ఫైటర్లూ అందులో ఉన్నారు. ఆడటమే ముఖ్యమైతే అది కొనుక్కుని, ఆ డిస్క్‌ను బావగారి గుర్తుగా దాచుకోండి. అది పంపిన కొరియర్ రసీదు, గిఫ్ట్ అని ఆయన పెట్టిన మెసేజ్ ఉంటే అవి కూడా పారేయకండి.