బాగా పాడేవాళ్లు మ్యూజికాలజీ చదివితే పాట మెరుగవుతుందా?

మీరు అడిగింది ఇదీ: పదేళ్లుగా పాట నేర్చుకుంటున్నారు, మ్యూజికాలజీలో, అంటే సంగీతం మీద పరిశోధన నేర్పే చదువులో, పీజీ చేస్తే ఇంకా బాగా పాడగలరా, లేక అది కచేరీలు చేయలేనివాళ్లు వెళ్లే కోర్సా అని. రెండూ కాదండీ. నేను చేశాను కాబట్టి చెప్తున్నా, ఆ రెండేళ్లలో నా పాట ఏమీ మెరుగవలేదు, సాధన తగ్గి కాస్త పాడైంది కూడా.

మొదటి సెమిస్టర్‌లో ఒక పాత ఫీల్డ్ రికార్డింగ్ (పాడేవాళ్లు ఉన్న చోటికే వెళ్లి రికార్డు చేసింది) చేతికిచ్చి, అందులోని మూడు నిమిషాల పాటకి స్వరాలు రాసుకురమ్మన్నారు. ఒక సాయంత్రం పనిలే అనుకున్నా. రెండు వారాలు పట్టింది. పాడినావిడ గాంధారం దగ్గరకి వచ్చినప్పుడల్లా కొంచెం దిగుతున్నట్టు అనిపించి, మార్జిన్‌లో "గాయనికి శ్రుతి తప్పింది" అని రాసి ఇచ్చేశా. మా మేడమ్ అది చదివి, "పదకొండు సార్లు తప్పిందా? పదకొండు సార్లూ ఒకే చోటికి తప్పిందా?" అని అడిగి కాగితం వెనక్కిచ్చేశారు. సోనిక్ విజువలైజర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టి కొలిస్తే, ఆవిడ స్వరం మన సంగీతంలో పక్కపక్కనే ఉండే సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ ఇంచుమించు నడుమ, షడ్జమం నుంచి 350 సెంట్ల దగ్గర, ప్రతిసారీ అక్కడే నిలబడి ఉంది. తప్పింది నా చెవి. నాకు నేర్పిన స్వరస్థానాల బయట ఉన్నదాన్ని అది ఒప్పుకోక, పక్కనున్న స్వరంలోకి లాగేసుకుంది. అరబ్ సంగీతంలో అలాంటి గాంధారం మామూలే అని తర్వాత తెలిసి ఇంకా సిగ్గేసింది.

సెంట్లు అన్నాను కదా, స్థాయిని (ఒక షడ్జమం నుంచి పై షడ్జమం దాకా) 1200 సమాన భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక సెంటు, అర్ధస్వరానికి వంద. ఈ కొలతని వాడుకలోకి తెచ్చింది అలెగ్జాండర్ ఎల్లిస్ అనే ఇంగ్లిష్ పండితుడు. ఆయనకి స్వరాల తేడా పట్టే చెవే లేదంటారు, ఆ పనికి పియానోల నిపుణుడు హిప్కిన్స్ చెవిని నమ్ముకున్నాడు! అలాంటి మనిషే 1885లో రకరకాల దేశాల వాద్యాల శ్రుతులు కొలిచి, స్వరాల మెట్లు అందరికీ ఒకటే కాదు, ప్రకృతి ఇచ్చినవీ కాదు అని తేల్చాడు. బాగా పాడేవాళ్లు అంత తేలిగ్గా ఆ మాట అనగలిగేవాళ్లు కాదేమో అని నా అనుమానం.

అదే సంవత్సరం గీడో ఆడ్లర్ అనే ఆస్ట్రియా పండితుడు మ్యూజికాలజీని చారిత్రక, క్రమబద్ధ (సిస్టమాటిక్) శాఖలుగా విడదీస్తూ ఒక పట్టిక వేశాడు. పరీక్షకి బట్టీ పట్టిస్తారు, పట్టేయండి, పెద్ద టెన్షన్ అక్కర్లేదు. చారిత్రక శాఖలో రాతప్రతులు, పాత ముద్రణలు పక్కపక్కన పెట్టి ఎక్కడ ఏ స్వరం మారిందో చూడటం, రెండో దాంట్లో ధ్వనిశాస్త్రం, మనస్తత్వ శాస్త్రం లాంటివి వస్తాయి. ఎత్నోమ్యూజికాలజీ (రకరకాల సమాజాల సంగీతాన్ని వాళ్ల సంస్కృతితో కలిపి చూసే చదువు) అన్న మాటని ప్రచారంలోకి తెచ్చింది యాప్ కున్‌స్ట్ అనే డచ్ పండితుడు, 1950లో. నాకు బాగా పనికొచ్చింది మాత్రం అమెరికా పండితుడు చార్లెస్ సీగర్ 1958లో చూపిన తేడా: ఎలా వాయించాలో చెప్పే రాత వేరు, ఏం వినిపించిందో నమోదు చేసే రాత వేరు. మొదటిదాంట్లో సగం సంగతులు రాయరు, ఎందుకంటే పాడేవాళ్లకి అవి ముందే తెలుసు. నేను రెండో పని చేయమంటే మొదటి రకం రాత రాసుకెళ్లాను, అదీ గొడవ.

చేరే ముందు ఒక పని చేసి చూడండి. మీకు బొత్తిగా పరిచయం లేని సంగీతంలోంచి అర నిమిషం తీసుకుని స్వరాలు రాయండి, కాగితం దాచేసి వారం తర్వాత మళ్లీ రాయండి. రెండూ కలవవు. ఎందుకు కలవలేదో తవ్వాలని అనిపిస్తే అప్లై చేయండి, విసుగొస్తే ఆ ఫీజు డబ్బులతో మంచి గురువు దగ్గర ఇంకో రెండేళ్లు పాట నేర్చుకోవడమే మేలు. సిలబస్‌లో ఫీల్డ్‌వర్క్ ఉందో లేదో కూడా కనుక్కోండి, అది లేని కోర్సు నేనైతే తీసుకోను.

చేరితే మాత్రం రోజుకో గంట సాధనకి విడిగా పెట్టుకోండి. థీసిస్ వంకతో నేను ఎనిమిది నెలలు మానేసి, ఆ తర్వాత తారస్థాయి షడ్జమం అందుకోవడానికి నానా తంటాలు పడ్డాను.