సమాధానం: సెలైన్ తగ్గించడం నిర్లక్ష్యం కాదు
నాన్నగారిని సెప్సిస్‌తో (ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలను దెబ్బతీసే స్థితి) ఐసీయూలో చేర్చిన రోజే సెలైన్ తగ్గించి బీపీ పెంచే మందు పెట్టారు, నిర్లక్ష్యమేమో అని అడిగారు కదండీ. అదొక్కటే చూసి అలా అనుకోనక్కర్లేదు. 2023లో వచ్చిన క్లోవర్స్ అధ్యయనం సరిగ్గా దీని మీదే. అమెరికాలో 60 ఆసుపత్రులు, 1,563 మంది రోగులు. 1 నుంచి 3 లీటర్లు ఎక్కించినా బీపీ నిలబడనివాళ్లలో కొందరికి ఇంకా ఎక్కించారు, మిగతావారికి తగ్గించి మందు ముందే మొదలుపెట్టారు. 90 రోజుల్లో మరణాలు తగ్గించినవారిలో 14.0 శాతం, ఎక్కువ ఎక్కించినవారిలో 14.9. తేడా లేనట్టే. (సెలైన్ బాటిల్ వేలాడితేనే వైద్యం జరుగుతున్నట్టు మనకు అనిపిస్తుంది, అది వేరే సంగతి.) డాక్టర్‌గారిని మూత్రం ఎంత వస్తోంది, లాక్టేట్ (ఒంటికి రక్తం సరిగా అందనప్పుడు రక్తంలో పెరిగే పదార్థం) తగ్గుతోందా అని అడగండి.