డంజన్స్ అండ్ డ్రాగన్స్ తర్వాత ఏ రోల్‌ప్లేయింగ్ గేమ్స్ ఆడొచ్చు? గోదావరి లంకలో మావాళ్ళతో ఆడి చూసిన అనుభవం

ప్రశ్న: "హైదరాబాద్‌లో ఉన్నప్పుడు ఫ్రెండ్స్‌తో ఏడాది పాటు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడాను. ఇప్పుడు భీమవరం వచ్చేశాను. ఇక్కడ మా కజిన్స్‌తో ఆడదామంటే ఆ పుస్తకాలు లావు, ఇంగ్లీషు వాళ్ళకి కష్టం. ఇలాంటి ఆటలు ఇంకా ఏమున్నాయి? పేర్లూ కథలూ వేరు తప్ప అన్నీ ఒకటేనా?"

ఒకటి కాదండి, చాలా తేడా ఉంది. రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటే మామూలుగా ఒకరు పరిస్థితి చెబుతుంటే, మిగతావాళ్ళు ఒక్కో పాత్రగా ఏం చేస్తారో చెబుతూ, అది జరిగిందో లేదో డైస్ వేసి తేల్చుకుంటూ కలిసి కథ నడిపే ఆట. ఆ తేడా కథలో కన్నా రూల్స్‌లో ఎక్కువ ఉంటుంది. రూల్స్ దేని గురించి అడుగుతాయో ఆడేవాళ్ళు దాని గురించే ఆలోచిస్తారు. నాకిది పుస్తకాలు చదివితే అర్థం కాలేదు. ఒకే కథను రకరకాల రూల్స్‌తో మావాళ్ళతో ఆడాక అర్థమైంది.

మా అమ్మమ్మగారిది పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయలో ఒక లంక. సంక్రాంతికి అందరం అక్కడే చేరతాం. ఒక భోగి సాయంత్రం అందర్నీ అరుగు మీద కూర్చోబెట్టి మొదలుపెట్టాను. కథ అందరికీ తెలిసిందే. గోదావరికి వరద వచ్చింది, రాత్రికి లంక మునిగిపోతుంది, ఉన్నది ఒక్కటే పడవ. చీకటి పడేలోపు మనుషుల్నీ గొడ్లనీ సామాన్లనీ ఏటిగట్టుకి చేర్చాలి. నేను సూత్రధారిని. కథ నడిపే గేమ్ మాస్టర్‌ని మా ఇంట్లో అలాగే అంటాం.

మొదట మీరు ఆడిన ఆట రూల్స్‌తోనే ఆడాం. క్యారెక్టర్లు రాసుకునేసరికే రెండు గంటలు పట్టింది. తీరా ఆట మొదలయ్యాక పెద్దబావ పడవ సంగతి వదిలేసి, "ఈ లంకలో దొంగలెవరూ లేరా?" అని అడిగాడు. లేరంటే ఊరుకోలేదు. చివరికి ఇసుక దొంగల్ని తెచ్చిపెట్టాను, వాళ్ళతో గంటసేపు కొట్లాట జరిగింది, వరద ఎటో పోయింది. అందులో పెద్దబావ తప్పేమీ లేదు. ఆయన చేతిలోని షీట్ నిండా ఆయుధాలు, దెబ్బ ఎంత తగులుతుంది, ఎన్ని దెబ్బలకు పడిపోతాడు, ఇవే ఉన్నాయి. ఆ కాగితం చూసినవాడు ఎవరిని కొట్టాలా అనే ఆలోచిస్తాడు.

దీనికి కారణం ఆ ఆట పుట్టుకలోనే ఉంది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో దాన్ని తెచ్చారు. అంతకు ముందు వాళ్ళు ఆడుతున్నవి చిన్న చిన్న సైనికుల బొమ్మలతో ఆడే యుద్ధం ఆటలు. ఆ రూల్స్ నుంచి పుట్టింది కాబట్టి ఇన్ని ఎడిషన్లు మారినా కొట్లాట దగ్గరే దాని బలం అంతా ఉంది. కొట్లాట కావాలంటే దానంత మంచి ఆట దొరకడం కష్టం. నాకు కావలసింది మాత్రం వరద.

మరుసటి ఏడాది అదే కథని అపోకలిప్స్ వరల్డ్ పద్ధతిలో ఆడాం. విన్సెంట్ బేకర్, మెగీ బేకర్ 2010లో తెచ్చిన ఆట అది. ఆ పద్ధతి మీద తర్వాత బోలెడన్ని ఆటలు వచ్చాయి. కథ నాశనమైపోయిన లోకానిది, కాబట్టి అది మనకి అక్కర్లేదు. నేను తీసుకున్నది దాని డైస్ రూల్ ఒక్కటే. లూడో డైస్ రెండు వేసి కలపాలి. 10 లేదా పైన వస్తే అనుకున్నది జరుగుతుంది. 6 లేదా కింద అయితే సూత్రధారి కష్టం తెచ్చిపెడతాడు. 7, 8, 9 వస్తే పని అవుతుంది గానీ ఏదో ఒకటి వదులుకోవాలి.

రెండు డైస్ 36 రకాలుగా పడతాయి. వాటిలో 6 లోపు వచ్చేవి 15, మధ్యలో వచ్చేవి 15, పైన వచ్చేవి 6. మనిషి నైపుణ్యానికి 1 కలిపితే కింద 10, మధ్యలో 16, పైన 10 అవుతాయి. అంటే ఎక్కువసార్లు పడేది ఆ మధ్యలోనే. మీరు ఆడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లోని ఇరవై ముఖాల డైస్‌లో ప్రతి అంకెకీ 5 శాతమే, మధ్య అనేదే లేదు. కొన్నిసార్లు గెలుస్తారు, కొన్నిసార్లు ఓడతారు. ఇక్కడైతే ఆట మాటిమాటికీ "ఏం వదులుకుంటావు?" అని అడుగుతూనే ఉంటుంది.

పెద్దబావ గేదెని పడవ ఎక్కిస్తానన్నాడు. డైస్ వేస్తే 8 పడింది. "ఎక్కింది బావా. కానీ పడవ అంచుదాకా నీళ్ళొచ్చేశాయి. బియ్యం బస్తా దింపుతావా, తాతగారి ట్రంకుపెట్టె దింపుతావా?" అన్నాను. బావ మాట్లాడలేదు. ఎవరూ మాట్లాడలేదు. పక్కన కొబ్బరి తురుముతున్న అత్తయ్య చెయ్యి ఆపి, "పెట్టెలో పొలం కాయితాలున్నాయిరా" అంది. అప్పటిదాకా ఆవిడ మా ఆట వింటోందనే మాకు తెలియదు. 1986 వరద నాటికి ఆవిడ ఆ ఇంటికి కొత్త కోడలు. వెంటనే కొడుకుని కసిరింది కూడా: "అసలు గేదెని పడవెక్కించడమేంట్రా! పలుపు పట్టుకుంటే పడవ వెనకాలే అదే ఈదుకుంటూ వస్తుంది."

నిజమే కదా. అలాంటప్పుడు సూత్రధారి డైస్ వేయించకూడదు. ఆడేవాళ్ళు చెప్పిన ఉపాయం మంచిదైతే అది జరిగిపోవాలి. పాతకాలం పద్ధతిలో ఆడేవాళ్ళు దీన్ని గట్టిగా పాటిస్తారు. నేను బస్తా, పెట్టె రెండూ పడవలోనే ఉంచేశాను. కాకపోతే గేదె ఈదే వేగంతోనే పడవ వెళ్ళాలి. అంటే బరువు ఖర్చు పోయి టైమ్ ఖర్చు వచ్చింది.

టైమ్ లెక్కకి ఒక ఏర్పాటు చేసుకున్నాం. జాన్ హార్పర్ 2017లో తెచ్చిన బ్లేడ్స్ ఇన్ ద డార్క్ అనే దొంగల ఆటలో గడియారాలు ఉంటాయి. ఒక గుండ్రం గీసి నాలుగో ఆరో ఎనిమిదో ముక్కలు చేస్తారు, ప్రమాదం దగ్గరయ్యే కొద్దీ ఒక్కో ముక్క నింపుతారు. పండగ రోజులు కదా, ముగ్గుపిండి చేతిలోనే ఉంది. గచ్చు మీద ఎనిమిది ముక్కల గుండ్రం వేసి నీలం రంగుతో నింపుతూ వచ్చాం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని మనందరికీ టీవీ స్క్రోలింగ్ చూసి చూసి నోటికొచ్చు. ఆ మూడు అంకెలూ గుండ్రం పక్కన రాశాను. రెండో ముక్కకి మొదటిది, ఐదుకి రెండోది, ఎనిమిదికి మూడోది. చిన్నపిల్లలక్కూడా ఏమీ చెప్పక్కర్లేకపోయింది. నీలం ఐదో ముక్కకి వచ్చేసరికి అరుగు మీద ఎవరూ ఆనుకుని కూర్చోలేదు, అందరూ ముందుకు వంగిపోయారు.

ఇక మిగతా రకాలు. 1977లో మార్క్ మిల్లర్ తెచ్చిన ట్రావెలర్ అంతరిక్షం ఆట. అందులో క్యారెక్టర్ తయారు చేసుకోవడమే ఒక జీవితం. పద్దెనిమిదేళ్ళకి ఏదో ఒక ఉద్యోగంలో చేరతారు, నాలుగేళ్ళ విడత పూర్తయ్యాక మళ్ళీ చేరాలా, వచ్చేయాలా అని చూసుకోవాలి. డైస్ బాగా పడకపోతే మొదటి ఎడిషన్‌లో ఆట మొదలవకముందే క్యారెక్టర్ చనిపోవచ్చు కూడా. బయటికొచ్చేటప్పుడు చేతిలో కొంత డబ్బు, కొన్ని వస్తువులు. కువైట్‌లో ఎనిమిదేళ్ళు డ్రైవర్‌గా చేసి వచ్చిన మా చిన్నబావ "ఇది నా కథే" అని పొద్దుపోయేదాకా ఒక్కడే క్యారెక్టర్లు తయారుచేస్తూ కూర్చున్నాడు. కోనసీమలో గల్ఫ్ వెళ్ళిరాని ఇల్లు తక్కువ. మీవాళ్ళలో అలాంటివాళ్ళు ఉంటే ఈ ఒక్క భాగం ఆడించి చూడండి.

కాల్ ఆఫ్ కథుల్హు 1981లో వచ్చింది. భయం కథలు, డైస్‌తో 1 నుంచి 100 దాకా వచ్చే అంకెతో లెక్క. అందులో మనిషి మనోధైర్యానికి ఒక అంకె ఉంటుంది, చూడకూడనిది చూసినకొద్దీ అది తరిగిపోతుంది. దాంతో ఆడేవాళ్ళు కత్తి తీయడం మానేసి పరుగు తీయడం నేర్చుకుంటారు. డ్రెడ్‌లో డైసే ఉండదు, గోపురంలా పేర్చిన జెంగా చెక్కముక్కల్ని ఒక్కొక్కటీ లాగాలి. ఎవరు లాగినప్పుడు కూలితే వాళ్ళ క్యారెక్టర్ కథలోంచి పోయినట్టే. టెన్షన్ నిజంగా చేతి వేళ్ళలోకి వస్తుంది, కానీ పది మంది ఉన్న ఇంట్లో ఆ అరుగు కదలకుండా ఉండదు కాబట్టి మాకు కుదరలేదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ద క్వయట్ ఇయర్. 2013లో ఎవరీ ఆల్డర్ తెచ్చారు. సూత్రధారి లేడు. ఒక పెద్ద కాగితం, పేక దస్తా, అంతే. 52 ముక్కలు అంటే ఏడాదిలో 52 వారాలు. ఒక్కో ముక్క తీసి అందరూ కలిసి ఒక ఊరి మ్యాప్ గీస్తూ పోతారు. మేము వరద తీశాక తిరిగొచ్చిన లంక గీశాం. ఒండ్రు ఎక్కడ మేట వేసింది, ఎవరి పొలం కోత పడి ఏట్లో కలిసింది, బడి ముందు కట్టాలా, రేవు ముందు బాగు చేయాలా అని. తాతగారు రేవు ఎక్కడుండేదో చూపించడానికి పెన్సిల్ తీసుకుని మళ్ళీ ఇవ్వలేదు. పేక తెలిసినవాళ్ళకి ఇంగ్లీషు అక్కర్లేదు. ముక్కకి ఏం అడగాలో మీరు ఒకసారి తెలుగులో రాసి పెట్టుకుంటే చాలు.

మీ కజిన్స్‌తో మొదలుపెట్టడానికి మాత్రం లేజర్స్ అండ్ ఫీలింగ్స్ తీసుకోండి. ఇదీ జాన్ హార్పర్‌దే, ఆట మొత్తం ఒకే పేజీ. ఒక్కొక్కరు 2 నుంచి 5 మధ్య ఒక్క అంకె ఎంచుకుంటారు. బుర్రతో చేసే పనికి డైస్ ఆ అంకెకన్నా కింద పడాలి, మనుషులతో మాటలకి పైన పడాలి. ఒకటి పెంచుకుంటే రెండోది తగ్గుతుంది. పది నిమిషాల్లో ఆట మొదలైపోతుంది.

డంజన్స్ అండ్ డ్రాగన్సే తెలుగులో కావాలనుకుంటే, దాని మూల నియమాలని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ అనే, అందర్నీ వాడుకోనిచ్చే లైసెన్స్ కింద వదిలారు. అసలు ఎవరిదో పేరు చెప్పి అనువదించుకోవచ్చు, పంచుకోవచ్చు. మొత్తం అక్కర్లేదు, మీకు పనికొచ్చే నాలుగు పేజీలు చాలు.

ఇప్పుడు మేము డైస్ కూడా మానేసి అష్టాచెమ్మా చింతపిక్కలతోనే ఆడుతున్నాం. నాలుగు పిక్కలు, ఒక్కో దానికి ఒక వైపు తెలుపు, ఒక వైపు నలుపు. రెండు వైపులూ సమానంగా పడితే 16 రకాల్లో రెండు తెలుపులు 6 సార్లు, ఒకటో మూడో నాలుగేసి సార్లు, నాలుగూ తెలుపు లేదా నాలుగూ నలుపు ఒక్కోసారి. రెండు తెలుపులు పడితే ఏదో వదులుకోవాలి, మూడు పడితే పని అవుతుంది, ఒకటైతే కష్టం. చెమ్మా, అష్టా పడితే అరుపులే అరుపులు. పిక్కల్ని రాయి మీద అరగదీసేటప్పుడు నాలుగూ ఒకే మందం వచ్చేలా చూసుకోండి. మా మొదటి నాలుగింటిలో ఒకటి పలచనైపోయి ఎప్పుడూ ఒకే వైపు పడేది, దాన్ని అత్తయ్యే కనిపెట్టి పక్కన పెట్టింది.