విశాఖలో పనివాళ్ళు దొరకరా? ముందు జీతమెంతో చెప్పండి

హైదరాబాద్‌లో ఉన్న చిన్న ఫ్యాబ్రికేషన్ యూనిట్‌ని విశాఖకి మార్చాలనుకుంటున్నానని, ఇక్కడి కంపెనీల వాళ్ళు ఈ ఊళ్ళో వ్యాపారం గురించి, పనివాళ్ళ గురించి ఏమనుకుంటున్నారో చెప్పమని మీరు అడిగారు. నాది గాజువాక ఆటోనగర్‌లో మెషీన్ షాపు. షాఫ్టులు, ఫ్లాంజిలు (పైపుల్ని ఒకదానికొకటి బిగించే చక్రాలు), పైపు పనులు చేసి పెద్ద ఫ్యాక్టరీలకి ఇస్తుంటాం. నాన్నగారి హయాం నుంచీ ఇదే పని. ఐటీ సంగతులు కావాలంటే రుషికొండ వాళ్ళని అడగండి.

మా ఓనర్లు నలుగురు టీకొట్టు దగ్గర కలిస్తే మొదటి మాట "పనోళ్ళు దొరకట్లేదండీ". రెండోది "ఈకాలం కుర్రాళ్ళకి శ్రద్ధ లేదు". మూడోది సంక్రాంతి: భోగికి శ్రీకాకుళం బస్సెక్కినవాడు ముక్కనుమ దాటినా తిరిగి రాడని. ఏళ్ళ తరబడి వింటున్నాను. తలూపుతాను, నా వంతైతే టీ డబ్బులూ ఇస్తాను. ఒప్పుకోను మాత్రం.

ఆమధ్య ఎంబీఏ చదివే ఒకమ్మాయి ట్యాబ్ పట్టుకుని సర్వేకి వచ్చింది. "ఈ ప్రాంతంలో నైపుణ్యం ఉన్న కార్మికుల లభ్యతకి అయిదుకి ఎన్ని మార్కులు వేస్తారు సార్?" అని అడిగింది. సరిగ్గా అప్పుడే వెనకాల మా వెల్డర్ టెస్ట్ ముక్క కొడుతున్నాడు. నా ఆర్డరు కోసం కాదు, గల్ఫ్ ఏజెంటు పెట్టే ట్రేడ్ టెస్టుకి ప్రాక్టీసు. చోడవరం దగ్గర పల్లెటూరి కుర్రాడు, కంచరపాలెం ఐటీఐలో చదివి నా దగ్గర హెల్పరుగా చేరాడు, చెయ్యి ఇక్కడే తిరిగింది.

ఆరంగుళాల పైపుని 45 డిగ్రీల ఏటవాలుగా స్టాండుకి బిగించాడు. వెల్డింగ్‌లో సిక్స్ జీ పరీక్ష అంటే అదే. పైపు కదలదు, మనిషే దాని చుట్టూ తిరగాలి, కింద భాగానికి వచ్చేసరికి దాదాపు పడుకోవాలి. రూట్, అంటే అతుకులో అన్నిటికంటే అడుగు వరస, ఆర్గాన్ గ్యాస్‌తో వేశాడు. పైన ఫిల్లింగ్‌కి వెల్డింగ్ రాడ్లు ఓవెన్‌లోంచి ఒక్కొక్కటే తీసుకుంటున్నాడు. రాడ్‌కి తేమ పట్టిందంటే వెల్డ్‌లో గాలి బుడగలు పడతాయి, ఎక్స్‌రేలో దొరికిపోతాయి. ఆ అమ్మాయి ట్యాబ్ పక్కన పెట్టేసింది. వెల్డింగ్ వెలుగుకి కళ్ళు పోకుండా పట్టుకునే నల్లద్దం ఇచ్చాను, దాన్ని అడ్డం పెట్టుకుని చూస్తూ నిలబడింది. చల్లారాక వాడే పిలిచి పైపులోకి టార్చి కొట్టి చూపించాడు. లోపల రూట్ చుట్టూతా ఒకే ఎత్తున, ఎక్కడా తెగకుండా తిరిగింది.

"ఇంత బాగా చేస్తున్నాడు కదా సార్, ఎందుకు వెళ్ళిపోతున్నాడు?" అంది. వాడే అందుకున్నాడు. "ఇక్కడేటుందండీ మేడమ్? గురూగారు మంచోరే. మంచోరని చెప్తే కిరాణా కొట్టోడు సరుకులిస్తాడేటండి?"

వాడికి నేనిచ్చేది 22 వేలు, ఓవర్‌టైమ్ ఉంటే ఇంకొంచెం. ఎక్కడైనా రిపేర్ల కోసం రిఫైనరీ ఆపితే, అదే షట్‌డౌన్ పడితే, కాంట్రాక్టర్లు అదే చేతికి దాదాపు రెట్టింపు ఇచ్చి తీసుకుపోతారు. అలాంటప్పుడు మా వీధిలో సగం షెడ్లలో ముసలి మేస్త్రీలు, కొత్త హెల్పర్లు తప్ప ఎవరూ మిగలరు.

ఆ అమ్మాయి మళ్ళీ ట్యాబ్ తీసుకుంది. "మరి అయిదుకి ఎన్ని వెయ్యమంటారు సార్?" అయిదుకి అయిదూ వేసుకోమ్మా అన్నాను. కింద ఓనర్లకి మార్కులు వేసే గడి ఏమైనా ఉందా అంటే లేదంది. అదీ ఈ సర్వేల సంగతి.

ఆ కుర్రాడు ఇప్పుడు ఖతార్‌లో ఉన్నాడు. వాళ్ళ తమ్ముడు నా దగ్గర హెల్పరు.

1948లో ‘జలఉష’ ఓడ కట్టి నీళ్ళలోకి దింపిన ఊరండీ ఇది. ఆ తర్వాత రిఫైనరీ, భారీ ప్లేట్లూ వెస్సెల్సూ చేసే బీహెచ్‌పీవీ, ఉక్కు ఫ్యాక్టరీ వరసగా వచ్చాయి. తాతలు ఖలాసీలు, తండ్రులు ఫిట్టర్లు, మనవలు వెల్డర్లు. ఇలాంటి చోట పని తెలిసినవాడు లేడంటే ఎవరు నమ్ముతారు? అచ్యుతాపురం వెళ్ళి చూడండి. బ్రాండిక్స్ బట్టల పార్కులో వేలమంది, ఎక్కువగా ఆడవాళ్ళే, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి పనిచేస్తున్నారు. ఊళ్ళోకి బస్సు పంపించి ఒకటో తారీఖుకి జీతం వేస్తే జనం వస్తారు. 2019లో పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని చట్టం చేస్తే మా ఓనర్లు గగ్గోలు పెట్టారు. జీతం సరిగ్గా ఇస్తే ఆ చట్టంతో పనేముంది? ఇంకో గొడవ కూడా ఉంది. లేత్ మీద 25 వేలు తెచ్చుకునేవాడికి పిల్లనివ్వరు, ఏసీ గదిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని 15 వేలు తెచ్చుకునేవాడికి ఇస్తారు. దీనికి ఏ ప్రభుత్వమూ పాలసీ తేలేదు.

మరి మీరే ఎక్కువ ఇవ్వచ్చుగా అంటారు. అసలు రోగం అక్కడే ఉంది. పేరెందుకు గానీ, ఒక పెద్ద కంపెనీకి ఫ్లాంజిలు చేసి ఇచ్చాం. సరుకు వాళ్ళ లైన్‌లో బిగించడం, ప్లాంటు నడవడం కూడా అయిపోయింది. బిల్లు మాత్రం కదలదు. స్టోర్స్‌కి వెళ్తే సరుకు అందినట్టు రాసే జీఆర్ ఇంకా పడలేదంటారు. అక్కణ్ణించి ఫైనాన్స్‌కి వెళ్తే సర్టిఫై చెయ్యాల్సిన సారు లీవు. ఆయన వచ్చేసరికి బడ్జెట్ అయిపోతుంది. నేను మాత్రం 18 శాతం జీఎస్టీ మరుసటి నెల 20లోగా సొంత జేబులోంచి కట్టాలి, డబ్బు వచ్చినా రాకపోయినా. ఆ నెల వెల్డర్‌కి రెండు వేలు పెంచుదామనుకున్న మాట అలా గాలిలో కలిసిపోతుంది.

చట్టం లేక కాదు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (చిన్న పరిశ్రమల) చట్టం ప్రకారం బిల్లు డబ్బు 45 రోజులు దాటితే బ్యాంకు రేటుకి మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. చదువుతుంటే కడుపు నిండిపోతుంది. ఫిర్యాదు చేసినవాడికి మళ్ళీ ఆర్డరు కోసం ఎంక్వైరీ రాదు కాబట్టి మాలో ఎవరూ చెయ్యరు. ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) అనే సెక్షన్ వచ్చాక, చిన్న యూనిట్లకి గడువులో డబ్బివ్వకపోతే ఆ ఖర్చు ఆ ఏడాది చూపించుకోవడం కుదరదని పెద్ద కంపెనీల వాళ్ళు కొందరు భయపడ్డారు. మార్చి నెలాఖరుకి కట్టేస్తే చాలని తెలిశాక భయం తీరింది. ఇప్పుడు మార్చిలో ఫోన్ చేసి మరీ డబ్బేస్తారు, ఏప్రిల్ నుంచి మళ్ళీ అదే లీవు, అదే సారు.

వ్యాపార వాతావరణం అంటారా, కొత్తగా వచ్చేవాళ్ళకి బ్రహ్మాండంగా ఉంది. వ్యాపార సౌలభ్యం 2019 ర్యాంకుల్లో రాష్ట్రం దేశంలోనే మొదటిది. 2025లో టీసీఎస్‌కి 99 పైసలకి 21 ఎకరాలు ఇచ్చారు. అదే ఏడాది గూగుల్ 1500 కోట్ల డాలర్లతో వస్తానంది. రానివ్వండి, సంతోషమే. ఉన్నవాళ్ళ బిల్లులు ఎన్నాళ్ళకి వస్తున్నాయన్న దానికి కూడా ఒక ర్యాంకు పెడితే మా ఊరు ఎక్కడుంటుందో నాకు తెలుసు. ఉక్కు ఫ్యాక్టరీని 2021లో అమ్ముతామన్నారు, 2025లో 11,440 కోట్ల ప్యాకేజీ అన్నారు. ఈ మధ్యలో దాన్ని నమ్ముకున్న చిన్న షెడ్ల వాళ్ళు ఒక్క కొత్త మెషీన్ కొనడానికైనా జంకారు. మీరు ఏ సర్వేలోనైనా ఆ కాలమ్ చూశారా?

మీ విషయానికొస్తే, రండి. మీ వెల్డర్లని హైదరాబాద్ నుంచి తెచ్చుకోవద్దు. 30 వేలు ఇస్తానని గాజువాకలో ఒక్కడి చెవిలో వేస్తే చాలు, పొద్దున్నే మీ గేటు దగ్గర ఉంటారు. అందులో నా వాళ్ళూ ఉంటారు, ఏం చేస్తాం. మొదటి ఆర్డర్లు నాలుగు నెలలు డబ్బు రాకపోయినా తట్టుకునేంత చిన్నవే తీసుకోండి. ఇంకోటి, అద్దె షెడ్డు చూసేటప్పుడు పాత కరెంటు బిల్లు అడిగి, మంజూరైన లోడ్ ఎంతో మీ కళ్ళతో చూసుకోండి. ఓనర్ మాట నమ్మి అడ్వాన్సు ఇచ్చేస్తే ఇబ్బంది పడతారు. రెండు వెల్డింగ్ మెషీన్లు ఒకేసారి వేస్తే ట్రిప్పయ్యే షెడ్లు మా వీధిలోనే ఉన్నాయి.