పాత కన్వేయర్ బెల్టు ముక్కను ప్యానెల్ బోర్డు ముందు పరవొచ్చా?

పరవకండి. గాజువాకలో వర్క్‌షాపు పెడుతున్నామని, స్క్రాపులో మందపాటి బెల్టు ముక్క చవగ్గా దొరికిందని, రబ్బరే కాబట్టి షాక్ కొట్టదు కదా అని అడిగారు. మల్టీమీటర్ పెడితే ఏమీ చూపించలేదని కూడా రాశారు.

ముడి రబ్బరు మంచి ఇన్సులేటరే. కానీ బెల్టు ఉత్త రబ్బరు కాదండి. త్వరగా అరగకుండా అందులో కార్బన్ బ్లాక్ దండిగా కలుపుతారు. కొద్దిగా కలిపితే రేణువులు విడివిడిగా ఉండిపోతాయి, కరెంటుకు దారి దొరకదు. పెంచుకుంటూ పోతే ఒక మోతాదు దగ్గర అవి దాదాపు ఒకదానికొకటి ఆనుకుని గొలుసు కట్టేస్తాయి. అక్కడ ఇంకాస్త కార్బన్ పడితే చాలు, రెసిస్టెన్స్ లక్షల రెట్లు పడిపోతుంది. ఆ మోతాదు కార్బన్ రకాన్ని బట్టి, రబ్బరు మిల్లు మీద ఎంతసేపు కలిపారన్నదాన్ని బట్టి మారుతుంది. అందుకే ఒకేలా కనిపించే రెండు నల్ల షీట్లలో ఒకటి కరెంటును ఆపుతుంది, ఇంకోటి ఆపదు. చూసి చెప్పడం ఎవరివల్లా కాదు.

పైగా బొగ్గు మోసే బెల్టుల్లో కావాలనే కరెంటుకు కొంత దారి ఇస్తారు. స్టాటిక్ చార్జి పేరుకుని ధూళిలో నిప్పురవ్వ పుట్టకూడదు కదా. యాంటీస్టాటిక్ బెల్టు రెసిస్టెన్స్ 300 మెగాఓమ్‌లు దాటకూడదని నియమం. ఎంత తగ్గినా అభ్యంతరం లేదు, మీకు ప్రమాదం అక్కడే. కొన్ని బెల్టుల లోపల ఉక్కు తీగలు కూడా ఉంటాయి.

2014 హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో భూగర్భ కేబుళ్లు వేసినప్పుడు నేను 11 కేవీ, అంటే 11 వేల వోల్టుల, కేబుల్ జాయింట్ల పని చేశాను. ఆ కేబుల్ ఇన్సులేషన్ మీద సెమీకాన్ అనే నల్ల పొర ఉంటుంది. ముట్టుకుంటే రబ్బరు తొడుగులాగే ఉంటుంది గానీ నిండా కార్బనే. జాయింటు చేసే చోట దాన్ని పూర్తిగా ఒలిచి, ఇన్సులేషన్ వైపు నుంచి నలుపు వైపుకే గుడ్డతో తుడవాలి. ఎదురు తుడిస్తే కార్బన్ మసి తెల్లటి ఇన్సులేషన్‌కు అంటుకుంటుంది. అది ఉండిపోతే కొన్నాళ్లకు ఆ గీత వెంటే కాలి జాయింటు పేలుతుంది. కంటికి సరిగా ఆనని మసి చేసే పని అది!

ఇక మల్టీమీటర్ సంగతి. ప్రోబ్ మొన రబ్బరుకు సరిగా తగలదు, దాని బ్యాటరీ వోల్టేజీ కూడా చాలదు. ముక్కకు పైనా కిందా తడిగుడ్డ, రేకు పెట్టి 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) చూస్తే అసలు రంగు బయటపడుతుంది. రీడింగ్ బాగా వచ్చినా దాన్ని వాడొద్దు, అక్కడ నిలబడేది మనిషి.

ఐఎస్ 15652 (కరెంటు మ్యాట్లకు భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్న మ్యాట్ కొనండి. మీ 415 వోల్టుల బోర్డుకు 3.3 కేవీ వరకు పనికొచ్చే క్లాస్ ఎ, 2 మిల్లీమీటర్ల మందంది సరిపోతుంది. మన సముద్రపు గాలికి దాని మీద ఉప్పు తేమ పడుతుంది, అప్పుడప్పుడు తుడిచి ఆరబెట్టండి. బెల్టు ముక్కను కంప్రెసర్ కింద వేసుకోండి, అదురు తగ్గుతుంది.