ఎండతో నీళ్లలోంచి హైడ్రోజన్ తీస్తానంటోంది మా అమ్మాయి, పంపమంటారా?

ఏలూరు నుంచి ఒక తండ్రిగారు అడిగారు: "అమ్మాయి బీఎస్సీ సెకండియర్, ఎండ తగిలితే నీళ్లలోంచి హైడ్రోజన్ తీసే ఎలక్ట్రోడ్ల మీద రీసెర్చ్ చేస్తానంటోంది, చుట్టాలేమో బీఈడీ చేయించమంటున్నారు, దీంట్లో ఉద్యోగాలుంటాయా?"

సార్, ఉన్నమాట చెప్తా, హైడ్రోజన్ పేరుతో పిలిచే ఉద్యోగాలు ఇప్పటికైతే ఎక్కువగా ఎలక్ట్రోలైజర్ల వైపే, అంటే కరెంట్ పెట్టి నీళ్లని విడగొట్టే యంత్రాల వైపే. 2023లో కేంద్రం గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కి 19,744 కోట్లు అంది కదా, అందులో రీసెర్చ్ వాటా 400 కోట్లే. మీ అమ్మాయి అనేది వేరే దారి, ఎలక్ట్రోడే ఎండని తాగి నీళ్లని విడగొట్టాలి. 1972లో జపాన్‌లో ఫుజిషిమా, హోండా టైటానియం డయాక్సైడ్‌తో చేసి చూపించారు, కానీ దానికి అల్ట్రావయొలెట్ కావాలి, ఎండలో అది 5 శాతం అటూఇటూ.

అందుకే చాలామంది తుప్పు మీద పడ్డారు, నవ్వకండి, హెమటైట్ అంటే అదే ఐరన్ ఆక్సైడ్, చవక, మామూలు వెలుతురు కూడా పట్టుకుంటుంది. తిరకాసల్లా ఏంటంటే వెలుతురు బాగా పట్టాలంటే పొర కొన్ని వందల నానోమీటర్లు మందం ఉండాలి, లోపల పుట్టిన పాజిటివ్ చార్జేమో నాలుగైదు నానోమీటర్లు కూడా నడవకముందే ఎలక్ట్రాన్‌తో కలిసిపోయి ఆరిపోతుంది. దాంతో పొరని వరి నాట్లలా సన్న కడ్డీలుగా నిలబెడతారు, వెలుతురు నిలువునా దిగుతుంది, చార్జ్ పక్కకి రెండడుగులేస్తే నీళ్లే! టిన్ కలపడం, పైన కోబాల్ట్ ఫాస్ఫేట్ పూయడం లాంటివి ఆ తర్వాతి తంటాలు.

ల్యాబ్‌లో రోజూ పనేంటంటే కండక్టింగ్ గ్లాస్ (ఒకవైపు మాత్రమే కరెంట్ పారే గాజు) ముక్క మీద ఎర్ర పొర వేసి, ఫర్నేస్‌లో కాల్చి, సోడియం హైడ్రాక్సైడ్‌లో ముంచి లైటు వేస్తూ తీస్తూ గ్రాఫ్‌లో కరెంట్ మెట్లు చూసుకోవడం. మల్టీమీటర్ పెట్టి చూసుకోకుండా గ్లాస్‌కి వెనకవైపు పొర వేసేసి వారం పోగొట్టుకునే పిల్లలూ ఉంటారు. నెలల తరబడి ఆ మెట్టు పెరగదు, అది తట్టుకోగలదా అన్నదే అసలు ప్రశ్న.

తట్టుకుంటే భయం లేదు, థిన్ ఫిల్మ్‌లు వేయడం, ఇంపీడెన్స్ (ఏసీ కరెంట్‌కి ఎంత అడ్డు తగులుతోందో) చూడటం వచ్చినవాళ్లు బ్యాటరీలు, సోలార్ సెల్స్, సెన్సార్లు ఎటైనా వెళ్లొచ్చు. పేరులో హైడ్రోజన్ ఉందని ఏ సర్టిఫికెట్ కోర్సుకో లక్షలు కట్టకండి. జామ్ (ఐఐటీల్లాంటి చోట్ల ఎమ్మెస్సీకి ఎంట్రన్స్) రాసి కెమిస్ట్రీలోనో ఫిజిక్స్‌లోనో మంచి ఎమ్మెస్సీ, తర్వాత నెట్ పరీక్ష, అందులో జేఆర్ఎఫ్ (రీసెర్చ్ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000, హెచ్ఆర్ఏ వేరే. బీఈడీ ఎక్కడికీ పోదు లెండి, తర్వాతైనా చేయొచ్చు. ఈ వేసవిలో ఒక నెల ఏదైనా ఎలక్ట్రోకెమిస్ట్రీ ల్యాబ్‌లో ప్రాజెక్ట్ చేయనివ్వండి, ప్రొఫెసర్లకి మెయిల్ తనే రాయాలి, మీరు కాదు. జామ్ అప్లికేషన్లు మామూలుగా సెప్టెంబర్‌లో మొదలవుతాయి, పరీక్ష ఫిబ్రవరిలో, ఈలోపు ఆ నెల ఎలా గడిచిందో తననే అడగండి.