ర్యాంకు రాకముందే అడ్వాన్సు కట్టాలా?

ప్రశ్న: మాది తిరుపతి. పాప ఇంటర్ ఎంపీసీలో 931 మార్కులు తెచ్చుకుంది. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ కీ చూసుకుని 70 మార్కుల దాకా వస్తాయంటోంది. రిజల్ట్స్ దగ్గరపడేకొద్దీ అన్నం సరిగా తినదు, అర్ధరాత్రి లేచి ఫోన్ చూస్తూ కూర్చుంటుంది, ‘నాన్నకు మొహం ఎలా చూపించాలి’ అంటుంది. మావారికి చిన్న ఫ్యాన్సీ షాపు. చెన్నైలో ఉండే మా బావగారు అక్కడ మేనేజ్‌మెంట్ సీటుకు (కాలేజీవాళ్లే సొంతంగా ఇచ్చే సీటు) ఇప్పుడే 50 వేలు కట్టేయమంటున్నారు. నా నగలు కుదువ పెట్టాలా?

జవాబు: వద్దమ్మా. ఈ వారంలో అయితే అసలు వద్దు. భయం మీద కట్టిన డబ్బు వెనక్కి రావడం ఎంత కష్టమో, కట్టమని చెప్పేవాళ్లకు అంత తేలిక.

ముందు పాప సంగతి. మొహం చూపించలేను అంటోందంటే తన భయం ర్యాంకు గురించి కాదు, వాళ్ల నాన్న గురించి. కాబట్టి ఆ మాట మీవారే చెప్పాలి, మీరు చెబితే సరిపోదు. షాపు కట్టేసి వచ్చాక పక్కన కూర్చోబెట్టుకుని ‘ఎంత వస్తే అంతలో చూసుకుందాం, సీటు వెతకడం నా పని’ అని ఆయన నోటితో అంటే చాలు, పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. ఆ తర్వాత మీరూ పాపా ఇద్దరే ఉన్నప్పుడు సూటిగా అడగండి: చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని చాలామంది తల్లులు వెనకాడతారు, అలా ఏమీ కాదు, అడిగినందుకు పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు. అవునంటే తనను ఒంటరిగా వదలకండి, వెంటనే 14416కు ఫోన్ చేయండి, అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, డబ్బులేం కట్టక్కర్లేదు. రుయా ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం కూడా ఉంది.

ఇక లెక్క. ఈఏపీసెట్‌లో 160కి 25 శాతం, అంటే 40 వస్తే క్వాలిఫై. తను చెప్పే 70లో కాస్త అటూ ఇటూ అయినా ర్యాంకు వస్తుంది. పైగా ర్యాంకులో ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది, 931 అక్కడ పనికొస్తుంది. ఇన్ని మార్కులకు ఇంత ర్యాంకు అని యూట్యూబ్‌లో చెప్పేవాళ్లను మాత్రం కొన్నాళ్లు ఇంట్లోకి రానివ్వకండి.

కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకును బట్టి ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లలో, 85 శాతం లోకల్ వాళ్లకే, అమ్మాయిలకు వేరే రిజర్వేషన్ కూడా ఉంది. ఎస్వీయూ ఇంజినీరింగ్ కాలేజీ, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం రెండూ మీ ఊళ్లోనే, హాస్టల్ ఖర్చు కూడా ఉండదు. కంప్యూటర్ సైన్సే కావాలంటే పోటీ గట్టిగా ఉంటుంది, ఈఈఈ (ఎలక్ట్రికల్), సివిల్ లాంటి బ్రాంచీల్లో సీటు చాలా దిగువ ర్యాంకులకూ వస్తుంది. పోయిన ఏడాది ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, ఏ కేటగిరీలో చివరి ర్యాంకు ఎంతో కౌన్సెలింగ్ వెబ్‌సైటులో ఉంటుంది. అది దగ్గర పెట్టుకుని పాప చేతే ఒక నోటుబుక్కులో తనకు ఇష్టమైన వరుసలో రాయించండి. కౌన్సెలింగ్‌లో ఆన్‌లైన్‌లో కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లు ఎక్కువ పెడితే నష్టం లేదు, వరుస తప్పితేనే నష్టం, వెళ్లకూడదని ఒట్టేసుకున్న కాలేజీని మాత్రం పెట్టొద్దు. అర్ధరాత్రి ఫోన్ చూసే పిల్లకు పగలు ఈ పని ఉంటే మంచిదే.

మీరు ఫైలు చూసుకోండి. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉందా? ఇప్పుడే సచివాలయానికి వెళ్లి అడగండి, వెరిఫికేషన్ రోజున పరుగెత్తొద్దు. నడిచి కొండెక్కుతామని మొక్కుకున్నా మొక్కుకోండి, ర్యాంకు సంగతి ఏడుకొండలవాడు చూసుకుంటాడేమో గానీ స్టడీ సర్టిఫికెట్లు మనమే తెచ్చుకోవాలి.

మేనేజ్‌మెంట్ సీటు గురించి ఒక్క విషయం. ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటాలో వచ్చిన సీటుకే, మేనేజ్‌మెంట్ సీటుకు రాదు. అంటే 50 వేలతో పోదు, నాలుగేళ్ల ఫీజూ షాపు మీదే. ఒరిజినల్స్ అక్కడ ఇచ్చేశారంటే ఇక్కడ వెరిఫికేషన్‌కు ఏం పట్టుకెళ్తారు? కాలేజీలు ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూనివర్సిటీలను చూసే కేంద్ర సంస్థ యూజీసీ 2018లోనే చెప్పింది, అయినా వాటి కోసం చెన్నై చుట్టూ తిరగాల్సింది మీరే కదా. కన్వీనర్ కోటా కౌన్సెలింగ్ అన్ని విడతలూ అయ్యాక కూడా నచ్చిన సీటు రాకపోతే అప్పుడు కూర్చుని ఆలోచించండి, అప్పుడూ రసీదు ఇచ్చే కాలేజీ ఖాతాకే తప్ప ఏజెంటు చేతికి రూపాయి ఇవ్వొద్దు.

రిజల్ట్ రోజు బంధువుల ఫోన్లు వస్తే మీరే మాట్లాడండి, పాపకు ఇవ్వకండి. బావగారు మంచికే చెబుతుండొచ్చు. ‘కౌన్సెలింగ్ అయ్యాక మేమే ఫోన్ చేస్తాం బావగారూ’ అని మర్యాదగా ఒక్క మాట చెప్పి పెట్టేయండి.